పాత ఫైబర్ బోటుకు ఏ రెజిన్, ఏ రంగు? ముందు అది రాత్రిపూట ఎక్కడ ఉంటుందో చూడండి

ఏప్రిల్ వచ్చి నాగార్జునసాగర్ నీళ్లు వెనక్కి పోవడం మొదలైందంటే మా ఒడ్డు మీద అందరిదీ ఒకటే ముచ్చట. "అన్నా, ఈసారి బోటుకు ఎనామెల్ కొట్టాలా, పీయూ కొట్టాలా?" (పీయూ అంటే పాలీయురేతేన్ రంగు.) నిండితే 590 అడుగులుండే నీటిమట్టం ఎండాకాలంలో 510 దిక్కు దిగుతూ ఉంటుంది. నేరేడుగొమ్ము, చందంపేట వైపు బ్యాక్ వాటర్‌లో మొన్నటిదాకా బోట్లు తిరిగిన చోట గుండ్లు బయటపడతాయి. వేట తగ్గుతుంది, బోట్లు ఒడ్డెక్కుతాయి, రంగు డబ్బాలు వస్తాయి.

రంగు సంగతి అడిగిన ప్రతి ఒక్కరినీ నేను ముందు ఒక ప్రశ్న అడుగుతాను: నీ బోటు రాత్రి ఎక్కడ ఉంటుంది? పని అయ్యాక ఒడ్డు మీదికి లాగి బోర్లిస్తావా, లేక నీళ్లలోనే తాడు కట్టి వదిలేస్తావా? రెజిన్ (గ్లాసు పీచును అతికి గట్టిపడే జిగురు ద్రవం) ఏది తీసుకోవాలి, రంగు ఏది కొట్టాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నవన్నీ ఈ జవాబును బట్టే మారతాయి. డిండి, కోయిల్‌సాగర్, పానగల్ ఉదయసముద్రం లాంటి చోట్ల చిన్న బోట్లు చాలావరకు రోజూ ఒడ్డుకు చేరతాయి. సాగర్ బ్యాక్ వాటర్‌లోనూ, కొల్లాపూర్ సోమశిల దగ్గర శ్రీశైలం నీళ్లలోనూ తిరిగే పెద్ద బోట్లు మాత్రం నెలల తరబడి నీళ్లలోనే ఉంటాయి. ఈ రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

మంచినీళ్లే కదా అనుకోవద్దు

సముద్రంలో బోటు పాడవుతుంది గానీ మన మంచినీళ్లలో ఏమవుతుందిలే అని చాలామంది అనుకుంటారు. ఫైబర్ విషయంలో ఇది తలకిందులు. ఫైబర్ బోటు పైపొరను జెల్ కోటు అంటారు. ఇది అర మిల్లీమీటరు మందం ఉండే రంగు రెజిన్ పొర. చూడటానికి నున్నగా, నీరు చొరనట్టు ఉంటుంది కానీ నెలల తరబడి నానితే సన్నగా తేమ లోపలికి పోతూనే ఉంటుంది. లోపల సరిగా పేరుకోని రెజిన్‌లో మిగిలిన రసాయనాలను ఆ తేమ కరిగించి చిక్కటి ద్రవం చేస్తుంది. ఉప్పు పట్టించిన మామిడికాయ ముక్కల్లోంచి ఊట బయటికి వస్తుంది కదా, ఎందుకంటే చిక్కగా ఉన్న దిక్కుకే నీళ్లు లాగబడతాయి. బోటు అడుగున కూడా జరిగేది అదే. బయట ఉన్నది ఉప్పు నీళ్లయితే ఆ లాగుడు కొంత తగ్గుతుంది. బయట ఉన్నవి మంచినీళ్లు, అందులోనూ వెచ్చటి నీళ్లు అయితే లాగుడు ఎక్కువ. లోపల ఒత్తిడి పెరిగి జెల్ కోటు పొక్కులు లేస్తుంది. ఆ పొక్కును గిల్లితే కారే నీళ్లు వెనిగర్ వాసన కొడతాయి. ఆ వాసన ఒకసారి తెలిస్తే మళ్లీ మరిచిపోరు.

రోజూ బయటికి తీసి ఆరబెట్టే బోటుకు ఈ బాధ చాలా తక్కువ. ఎప్పుడూ నీళ్లలో ఉండే పాత బోటుకు అసలు శత్రువు ఇదే. అందుకే మొదటి ప్రశ్న అది.

రెజిన్, రంగు కొనడానికి ముందు బోటును తట్టి చూడండి

మాది 18 అడుగుల బోటు. మా చిన్నాయన కోస్తా నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాడు. నాలుగేళ్ల కింద పట్నంలో ఫైబర్ పని చేసే ఒకాయనకు అప్పజెప్పాం. నీళ్లలోంచి తీసిన మూడో రోజే పని మొదలుపెట్టి, వారంలో తళతళలాడే నీలం రంగుతో ఇచ్చాడు. మేమంతా మురిసిపోయాం. వినాయక చవితి నాటికి అడుగంతా పొక్కులు. గోరు పెట్టి లాగితే రంగు పేలికలుగా ఊడి వచ్చింది. కింద ఇంకా తడే. ఆ రంగు ఖరీదైనదే, రెజిన్ కూడా మంచిదే. ఆరని బోటు మీద వేయడమే తప్పు. పైసలు పోయినందుకన్నా, నీళ్లు నిండుగా ఉన్న ఆ నాలుగు నెలల వేట పోయినందుకు చిన్నాయన ఎక్కువ బాధపడ్డాడు. అందుకే ఏ డబ్బా కొనాలో ఆలోచించే ముందు ఈ రెండు పరీక్షలు చేయమని గట్టిగా చెప్తున్నాను.

మొదటిది తట్టి చూడటం. బోటును పాత టైర్ల మీద బోర్లించి, స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా జానెడు దూరానికి ఒకసారి తట్టుతూ పోండి. గట్టిగా ఉన్నచోట టక్, టక్ మని ఖణీగా పలుకుతుంది. లోపల పొరలు విడిపోయినా, తడి పట్టినా డప్ మని పుచ్చకాయ మీద కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. మొద్దు శబ్దం వచ్చిన ప్రతి చోటా సుద్దముక్కతో గీత గీయండి. మేము మా బోటుకు ఇది చేసినప్పుడు, పైకి కనిపించే చిల్లు అరచేతంతే కానీ సుద్ద గీతలు చాటంత వెడల్పుకు వచ్చాయి. ముఖ్యంగా ఇంజన్ బిగించే వెనుక పలక. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు ఆ వెనుక భాగాన్ని అమరం, ముందు భాగాన్ని అణియం అంటారు. ఆ వెనుక పలకలో ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగి ఆ చెక్క కుళ్లితే పైన ఎంత రంగు వేసినా లాభం లేదు.

రెండోది తేమ పరీక్ష. మందపాటి ప్లాస్టిక్ కవర్ ముక్కను మూరెడు వెడల్పుతో కత్తిరించి, బోటు అడుగుకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించండి. ఒక పగలు, ఒక రాత్రి వదిలేయండి. లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే బోటు ఇంకా ఆరలేదు. మన ఏప్రిల్, మే ఎండ ఇలాంటి పనికి దేవుడిచ్చిన వరం. నీళ్లు పోయే బిరడాలన్నీ తీసి, పొక్కులను గీకి తెరిచి, మంచినీళ్లతో కడిగి, రెండు మూడు వారాలు ఎండబెట్టండి. నేల పలక కింద ఫోమ్ నింపిన బోట్లయితే ఆ ఫోమ్ స్పాంజిలా నీళ్లు తాగి ఉండవచ్చు. దాన్ని తెరవకుండా పైనుంచి ఎన్ని రోజులు ఎండబెట్టినా ఆరదు. నలుగురు ఎత్తే బోటు ఎనిమిది మంది పడితే గానీ లేవడం లేదంటే ఆ బరువు నీళ్లదే.

పాలిస్టర్ రెజిన్, ఎపాక్సీ రెజిన్

మన దగ్గర ఫైబర్ తలుపులు, నీళ్ల ట్యాంకులు, షీట్లు చేసేవాళ్లు వాడేది పాలిస్టర్ రెజిన్. షాపులో జీపీ రెజిన్ అంటారు. ఇంకాస్త మెరుగైన రకం ఐసో రెజిన్, నీటిని బాగా తట్టుకుంటుంది. మీ బోటు తయారైంది కూడా దాదాపుగా పాలిస్టర్‌తోనే. ఎపాక్సీ వేరే జాతి. ధర రెండు మూడింతలు ఉంటుంది.

పాలిస్టర్‌కు ఉన్న మంచి గుణం, పని చేసేవాడిని ఎక్కువగా ఇబ్బంది పెట్టదు. కిలో రెజిన్‌కు హార్డెనర్ (గడ్డకట్టించే మందు) 10 నుంచి 20 గ్రాముల మధ్య ఎంతైనా నడుస్తుంది. చల్లటి పొద్దున ఎక్కువ, ఎండలో తక్కువ. మామూలు మ్యాట్‌తో (గ్లాసు దారాల షీట్) చక్కగా కలిసిపోతుంది, తొందరగా గడ్డకడుతుంది, దాని మీద జెల్ కోటు కూడా వేసుకోవచ్చు. లోపం ఎక్కడంటే, కొత్త పాలిస్టర్ పాత పాలిస్టర్‌ను నిజంగా అతుక్కోదు. గరుకు చేసిన గీతల్లోకి దిగి పట్టుకుంటుంది, అంతే. అదిరే చోట, వంగే చోట, గుండుకు తగిలే చోట ఆ పట్టు కొన్నాళ్లకు వదులుతుంది.

ఎపాక్సీ పాత ఫైబర్‌ను, చెక్కను, లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. తేమను పాలిస్టర్ కన్నా చాలా బాగా ఆపుతుంది. కానీ దీని దగ్గర కొలత తప్పకూడదు. డబ్బా మీద ఏ పాళ్లు రాసి ఉంటే అవే పాళ్లు, తూకం వేసి కలపాలి. తొందరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే తొందరగా ఆరదు, ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. పాలిస్టర్ పనికి అలవాటు పడ్డ చేతులు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. ఇంకో ముఖ్యమైన సంగతి: మామూలు చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్‌లో దారాలను పట్టి ఉంచే బంక పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవానికి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. కాబట్టి ఎపాక్సీతో మ్యాట్ మెత్తబడదు, మూలల్లో ఒదగదు. దానికి నేసిన గ్లాస్ గుడ్డ తీసుకోవాలి. ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్ కోటు కూడా సరిగా పట్టదు. ఎపాక్సీ వేశారంటే పైన రంగే వేయాలి, జెల్ కోటు ఆశ వదులుకోవాలి.

నా ఎంపిక ఇలా ఉంటుంది. రోజూ ఒడ్డెక్కే బోటుకు పైభాగంలో, పక్క గోడల్లో చిల్లులు, పగుళ్లు ఉంటే పాలిస్టర్ చాలు. అక్కడ ఎపాక్సీ పెట్టడం అక్కరలేని ఖర్చు. నీళ్లలోనే ఉండే బోటుకు నీటిమట్టం కింద, అంటే ఎప్పుడూ మునిగి ఉండే భాగంలో, ఏ రిపేరైనా ఎపాక్సీతోనే చేయండి. వెనుక పలకకు, చెక్క తగిలే ప్రతి చోటుకు, బోల్టు రంధ్రాలకు బోటు ఎక్కడున్నా ఎపాక్సీయే. ఒకే బోటులో రెండూ వాడటం తప్పేమీ కాదు. పాలిస్టర్ మీద ఎపాక్సీ వేయవచ్చు, ఎపాక్సీ మీద పాలిస్టర్ వద్దు. ఈ ఒక్క వరుస గుర్తుంటే చాలు.

ఇక చిల్లు పూడ్చడం. చిల్లు మీద ముక్క అతికించడం రిపేరు కాదు. చుట్టూ ఉన్న పాత ఫైబర్‌ను ఏటవాలుగా గ్రైండ్ చేసి పల్లెం ఆకారం తేవాలి. బోటు మందం ఎంతో, దానికి పన్నెండింతల వెడల్పు ఏటవాలు ఉండాలి. మందం 5 మిల్లీమీటర్లు అయితే చిల్లు అంచు నుంచి చుట్టూరా 60 మిల్లీమీటర్లు. అంత వెడల్పు గ్రైండింగ్ చూసి మా చిన్నాయన, "ఉన్న చిల్లు చాలదని ఇంత పెద్దగ చేస్తున్నవేందిరా" అని గాబరా పడ్డాడు. కానీ పట్టు వచ్చేది ఆ వాలు నుంచే. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ ఒక పొర వేస్తే సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. అంటే అయిదు పొరలు. మ్యాట్ బరువుకు రెండు, రెండున్నర రెట్లు రెజిన్ తాగుతుంది. ముక్కలన్నీ ముందే కత్తిరించి, వరుసగా పేర్చి పెట్టుకున్నాకే రెజిన్ కలపండి.

నల్లగొండ ఎండలో ఇంకో చిక్కు ఉంది. 43, 44 డిగ్రీల్లో బకెట్‌లో కలిపిన రెజిన్ చూస్తుండగానే పెరుగులా గడ్డకట్టి, వేడెక్కి పొగలు కక్కుతుంది. తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ఆపేయండి. ఒకసారికి పావు కిలోకు మించి కలపొద్దు. లోతైన డబ్బాలో కాకుండా వెడల్పాటి పళ్లెంలో పోస్తే వేడి తగ్గి ఇంకాసేపు పనిచేస్తుంది. ఎండగా ఉందని హార్డెనర్ మరీ తగ్గించకూడదు. కిలోకు 10 గ్రాముల కన్నా దిగితే రెజిన్ పూర్తిగా పేరుకోదు, రేపటి పొక్కులకు అక్కడే బీజం పడుతుంది. షాపులో డబ్బా మీద తేదీ కూడా చూడండి. రేకుల షెడ్డులో ఎండాకాలమంతా ఉన్న పాత రెజిన్ డబ్బాలోనే చిక్కబడుతుంది.

మీరు తెచ్చే పాలిస్టర్ రెజిన్‌లో కోబాల్ట్ (రెజిన్ తొందరగా గడ్డకట్టడానికి వేసే మందు) ముందే కలిపి ఉంటే సరే. విడిగా సీసాలో ఇస్తే, ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ వేయాలి. కోబాల్ట్, హార్డెనర్ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది. ఒకే గరిటె, ఒకే కొలత గ్లాసు రెండింటికీ వాడొద్దు. ఇంట్లో పిల్లలకు అందే చోట ఈ సీసాలు ఉంచొద్దు.

లప్పం, అంటే పుట్టీ గురించి రెండు మాటలు. కార్లకు వాడే బాడీ పుట్టీ నీటిమట్టం కింద వద్దు, అది తేమ తాగుతుంది. కింద ఎపాక్సీ పుట్టీయే వాడండి. నడి నీళ్లలో చిల్లు పడితే ఎంసీల్ పిసికి నొక్కి ఒడ్డు చేరుకోవచ్చు, కానీ ఒడ్డు చేరాక దాన్ని గీకేసి అసలు రిపేరు చేయాలి.

రంగుల సంగతి

ఏ రంగైనా, ముందు సబ్బుతో కడిగి, తర్వాత థిన్నర్ గుడ్డతో పాత మైనం, నూనె తుడిచి, ఆ తర్వాతే ఉప్పు కాగితం పట్టాలి. చాలామంది ముందే కాగితం పట్టేస్తారు. దాంతో మైనం గీతల్లోకి దిగి కూర్చుంటుంది. ఆ తర్వాత ఎంత మంచి రంగైనా చేప కంటిలా మచ్చలు మచ్చలుగా జారిపోతుంది.

కొత్తగా జెల్ కోటు వేయిద్దామని కొందరికి కోరిక. ఫ్యాక్టరీలో జెల్ కోటు అచ్చులో వేస్తారు కాబట్టి అంత నున్నగా వస్తుంది. మనం పైనుంచి బ్రష్‌తో వేస్తే బత్తాయి తొక్కలా వస్తుంది. పైగా గాలి తగిలే వైపు బంకగానే ఉండిపోతుంది, అందుకే మైనం కలిపిన రకం తేవాలి. ఆరాక రోజుల తరబడి రుద్దాలి. చిన్న చిన్న గీతలు పూడ్చడానికి జెల్ కోటు సరే కానీ పాత చేపల బోటు మొత్తానికి వేయడం శ్రమకు తగ్గ పని కాదు.

సింథటిక్ ఎనామెల్ అంటే ఇంటి గ్రిల్స్‌కు వేసే రంగే. మిర్యాలగూడలోనైనా దేవరకొండలోనైనా ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, చవక, ఎవరైనా వేయగలరు, చెడితే మళ్లీ వేసుకోవచ్చు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఒప్పుకోను. రోజూ ఒడ్డెక్కే బోటుకు, పక్క గోడల పైభాగానికి ఏడాదికోసారి ఎనామెల్ వేసుకునే మనిషి తెలివైన పనే చేస్తున్నాడు. కానీ ఎప్పుడూ నీళ్లలో నానే చోట ఎనామెల్ మెత్తబడి ఊడిపోతుంది. అక్కడ అది అక్కరకు రాదు.

పీయూ రంగుల్లో రెండు రకాలు. ఒకే డబ్బాలో వచ్చేది ఎనామెల్‌లాగే వేసుకోవచ్చు, మెరుపు, గట్టిదనం దానికన్నా ఎక్కువ. హార్డెనర్ కలిపి వేసే రెండు డబ్బాల పీయూ అన్నిటికన్నా గట్టిది, ఎండకు వెలవదు, వల రాపిడికి, డీజిల్ మరకలకు తట్టుకుంటుంది. మా ఒడ్డు మీద చూసినంతలో ఎనామెల్ ఒకటి రెండేళ్లు, మొదటి రకం పీయూ రెండు మూడేళ్లు, రెండు డబ్బాల పీయూ అయిదేళ్ల దాకా నిలుస్తున్నాయి. అలాగని వెంటనే రెండు డబ్బాలది కొనేయకండి. దాని కింద ఎపాక్సీ ప్రైమర్ ఉండాలి, పాత ఎనామెల్ మొత్తం గీకేయాలి. లేకపోతే దాని థిన్నర్ పాత రంగును ఉడికించి ముడతలు లేపుతుంది. దాని హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. స్ప్రే గన్‌తో కొడితే ఆ తుంపర లోపలికి పోతుంది, మామూలు మాస్కు ఆపలేదు. ఒడ్డు మీద పని చేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, దీన్ని రోలర్, బ్రష్‌తో మాత్రమే వేయండి. స్ప్రే కావాలంటే గాలి పైపు ఉన్న మాస్కుతో పనిచేసే షెడ్డుకు ఇవ్వండి.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం, ఈ ఖరీదైన పీయూలో కూడా చాలా రకాలు ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండటానికి చేసినవి కావు. నీళ్లలో ఉండే బోటుకు నీటిమట్టం కింద ఎపాక్సీ కోటింగ్ మూడు నాలుగు సార్లు వేయడమే సరైన దారి. అది తేమను ఆపుతుంది. మళ్లీ ఆ ఎపాక్సీ ఎండను తట్టుకోలేదు, సుద్దలా పొడి రాలుతుంది. కాబట్టి నీటిమట్టం పైన మాత్రం దాని మీద పీయూనో ఎనామెలో తప్పనిసరి. ఎండాకాలంలో బోటు బోర్లించి ఉంచితే అడుగు మీద తాటాకో, పాత టార్పాలినో కప్పండి.

కోస్తా నుంచి వచ్చిన కొందరు అడుగుకు యాంటీఫౌలింగ్ రంగు వేయమంటారు. సముద్రంలో అడుగుకు గవ్వలు పట్టకుండా రాగి కలిపి చేసే రంగు అది. మన నీళ్లలో ఆ గవ్వలు ఉండవు, పట్టేది పాకుడు. గట్టి బ్రష్‌తో రుద్దితే పోతుంది. పైగా ఈ నీళ్లే పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా హైదరాబాద్‌కు తాగడానికి పంపుతారు. మన చేపలు బతికేది, మన జనం తాగేది ఒకే నీళ్లు. అందులో రాగి విషం కరిగించే రంగు మనకు వద్దు. థిన్నర్ బ్రష్‌లు కూడా ఒడ్డున కడగొద్దు.

రంగు ఎంచుకునేటప్పుడు లేతవే తీసుకోండి. ముదురు నీలం, ఎరుపు చూడటానికి బాగుంటాయి కానీ మే నెలలో ఆ బోటులో కాలు పెట్టలేరు, ఫైబర్ కూడా కాగుతుంది. లోపల తెలుపు లేదా లేత బూడిద, బయట పసుపు మంచిది. సాయంత్రం గాలివాన లేచినప్పుడు పసుపు బోటు దూరం నుంచి కూడా కనిపిస్తుంది.

అడుగు గట్టు

అడుగు గట్టు అంటే బోటు అడుగున నడిమి వెంట పొడవునా ఉండే ఉబ్బు. ఇద్దరు మనుషులు బోటును గుండ్ల మీదుగా లాగడం చూడండి. బరువంతా ముందు భాగం కింద రెండు జానెల మీదే పడుతుంది. రోజూ ఒడ్డెక్కే బోటుకు పొక్కుల కన్నా ఈ అరుగుదలే పెద్ద రోగం. రంగుకు పెట్టే డబ్బులో సగం ఇక్కడ పెట్టమంటాను. కొందరు అల్యూమినియం పట్టీ బిగిస్తారు, కానీ ప్రతి స్క్రూ రంధ్రం నీళ్లకు కొత్త దారి. నాకు నచ్చేది, గట్టు పొడవునా రెండు మూడు పొరల నేసిన గుడ్డ ఎపాక్సీతో వేయడం. ప్రతి పొరా కిందిదానికన్నా రెండు వేళ్లు వెడల్పు. అది అరిగినా అదే అరుగుతుంది, బోటు ఒళ్లు అరగదు. రెండేళ్లకోసారి మళ్లీ ఒక పొర వేసుకుంటే చాలు. దీంతోపాటు ఒడ్డున రెండు పాత టైర్లు పరిచి వాటి మీదుగా లాగడం అలవాటు చేసుకోండి.

మనమే చేసుకోవాలా, పనివాడికి ఇవ్వాలా?

పగుళ్లు, చిన్న చిల్లులు, అడుగు గట్టు, రంగు ఇవన్నీ ఓపిక ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు. వెనుక పలక మార్చడం, నేల పలక విప్పి ఫోమ్ తీయడం చేయి తిరిగినవాళ్లకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఎంతకు చేస్తావు అని అడిగే ముందు, ఎన్ని రోజులు ఆరబెడతావు, చిల్లు చుట్టూ ఎంత గ్రైండ్ చేస్తావు, నీళ్ల కింద ఏ పుట్టీ వాడతావు అని అడగండి. ఈ మూడింటికి తడుముకోకుండా జవాబు చెప్పేవాడు కాస్త ఎక్కువ అడిగినా ఇచ్చేయండి.

మీరే చేస్తే, గ్రైండింగ్ రోజు పొడవు చేతుల చొక్కా, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు వదలొద్దు. గ్లాసు పొడి ఒంటికి పడితే వేడి నీళ్లు పోసుకోవద్దు, రంధ్రాలు తెరుచుకుని ఇంకా గుచ్చుతుంది. చల్లటి నీళ్లతో కడగండి. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. బిందెడు మంచినీళ్లు పక్కనే పెట్టుకుని, పడిన వెంటనే పావుగంట ఆపకుండా కడిగి, దవాఖానకు పోవాలి.

అసలు రిపేరు చేయాలా?

సుద్ద గీతలు అడుగు భాగంలో మూడో వంతు దాటితే, దానికి తోడు వెనుక పలక కూడా కుళ్లితే, ఆ బోటు మీద డబ్బు పెట్టొద్దు. ఇది చెప్పడం నాకు కష్టమే. ఇంటిల్లిపాదికి అన్నం పెట్టిన బోటును ఒడ్డు మీద వదిలేయడం ఎవరికీ సులువు కాదు. కానీ ఆ రిపేరు ఖర్చు కొత్త బోటు ధరలో సగం దాటుతుంది, నమ్మకం మాత్రం సగం కూడా రాదు. గాలికి అలలు లేచే సాగర్ నడి నీళ్లలో అలాంటి బోటుతో పోవద్దు.

చెరువుల్లో, చిన్న ప్రాజెక్టుల్లో వల వేసేవాళ్లు అసలు బోటు అవసరమేనా అని కూడా ఆలోచించండి. ఫైబర్ పుట్టి (గుండ్రటి చిన్న పడవ) తేలిక, ఒక్కడే తలకెత్తుకుని పోతాడు, దాని రిపేరు పాలిస్టర్ రెజిన్, రెండు ముక్కల మ్యాట్‌తో ఒక పూటలో అయిపోతుంది. వెదురు పుట్టికి ఏటా తారు పూసే బాధ కూడా దీనికి లేదు. థర్మోకోల్ తెప్ప ఇంకా చవక, కానీ గాలి లేస్తే దాన్ని నమ్మడానికి లేదు.

పని అయ్యాక తొందరపడి నీళ్లలో దించకండి. ఎపాక్సీకైనా రెండు డబ్బాల పీయూకైనా మన ఎండలో వారం రోజులు ఇవ్వండి. దించిన మొదటి రోజు ఇంజన్ బిగించకుండా, ఒడ్డు పక్కనే మోకాటి లోతులో కట్టేసి, లోపల పొడిగుడ్డతో తుడిచి గంటసేపు ఆగండి. తర్వాత వేళ్లతో తడిమి చూడండి, ముఖ్యంగా వెనుక పలక కింద, రిపేరు చేసిన చోట, బోల్టుల చుట్టూ. ఎక్కడ చెమ్మ తగిలితే అక్కడ సుద్దతో గీసి బోటును మళ్లీ పైకి లాగండి. మా బోటుకు రెండోసారి చేసినప్పుడు ఒక్క బోల్టు దగ్గర మాత్రమే తడి తగిలింది. దాన్ని విప్పి, రంధ్రాన్ని ఎపాక్సీతో నింపి, మళ్లీ తొలిచి బిగించాం. ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి, చిన్నాయన పొద్దున్నే నీళ్లు తోడిపోసే డబ్బా ఇప్పుడు చేపలు కడగడానికి వాడుతున్నాడు.